ఆరు బోల్టుల లారీ, పది కన్నాల చక్రం

మొన్న ఆదివారం మా తమ్ముడి కొడుకు రవి గుంటూరులో మా ఇంటి ముందు జీపు ఆపి, దిగకుండానే హారన్ మోగించాడు. నేను మోకాళ్లు పట్టుకుని మెట్లు దిగి వచ్చేసరికి వాడు దిగి, బండి పక్కన తోడి పెళ్లికొడుకులా నిలబడి ఉన్నాడు. జీపు కొత్తదేం కాదు. మా తమ్ముడు పదిహేనేళ్లు వాడి విసుగెత్తి వదిలేసిందే. చక్రాలు మాత్రం కొత్తవి, వెడల్పాటివి, బండి ఒంట్లోంచి నాలుగు పక్కలా బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. ముసలాయనకి మనవడి బూట్లు తొడిగినట్టుంది.

"ఎలా ఉంది అత్తా?" అన్నాడు.

"చక్రాలు బాగున్నాయిరా. వీటికి తగ్గ జీపు ఎప్పుడు కొంటావు?"

"ఇదే జీపు అత్తా. కన్నాలు కలవలేదు, అందుకని మధ్యలో ఎడాప్టర్లు వేయించా. ఇనప ప్లేటు లాంటిది. దాని లోపలి బోల్టులు బండికి, బయటి బోల్టులు చక్రానికి."

"ఎవరినైనా అడిగావా?"

"ఫోన్‌ని అడిగా. ఏం పర్లేదు, బండి ఇంకా నిలకడగా ఉంటుంది అని చెప్పింది."

నిలకడ అన్న మాట వినగానే నా ముక్కు మండింది. నిజంగానే మండింది. ఎక్కడో కల్లంలో ఆరబోసిన మిరపకాయల ఘాటు నలభై మైళ్లూ ఇన్నేళ్లూ దాటుకుని వచ్చి నన్ను తుమ్మించింది.

మా ఊరు అద్దంకి నుంచి చీరాల వెళ్లే దారిలో, రోడ్డుకి కాస్త లోపలికి ఉంటుంది. మా ఇంట్లో మిరపకాయల కాలం తుమ్ములతోనే మొదలయ్యేది. బస్తాలు పంచలో, బస్తాలు కొట్టంలో, దేవుడి గది గుమ్మం దాకా బస్తాలు. అమ్మ కొంగు ముక్కుకి కట్టుకుని అన్నం వండేది, అదే కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ ఏడ్చేది. ఒంటి తుమ్ము అపశకునమని మా నాయనమ్మకి గట్టి నమ్మకం. ఏడాదిలో పది నెలల పాటు ఎవరు తుమ్మినా గడప దాటనిచ్చేది కాదు, కూర్చోబెట్టి మంచినీళ్లు తాగించేది. ఆ రెండు నెలలు మాత్రం ఆ నమ్మకాన్ని మడిచి పెట్టెలో పెట్టేది. లేకపోతే ఇంట్లో ఎవరూ చేలోకి వెళ్లే వీలుండేది కాదు.

మా నాన్న రాఘవయ్యకి ఇంట్లో నలుగురం ఉన్నా, ఆయన సంసారం మాత్రం లారీతోనే. గుండ్రటి ముక్కున్న పాత లారీ, అప్పటికే ముగ్గురి చేతులు మారి మా వాకిట్లోకి వచ్చింది. దాన్ని ఆయనే నడిపేవాడు, ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాదు. పొద్దున్నే లేచి తన భుజం మీది తువ్వాలుతోనే అద్దం తుడిచేవాడు. తర్వాత డ్రైవరు సీట్లో ఎక్కి కూర్చునేవాడు. అమ్మ కాఫీ గ్లాసు కిటికీలోంచి అందించేది. లారీ వాకిట్లోనే ఉండేది, తాళం చెవి కూడా తిప్పేవాడు కాదు. కాఫీ అయిపోయాక ఖాళీ గ్లాసు కిటికీలోంచి ఇచ్చి, బెజవాడ దాకా వెళ్లొచ్చిన మొహంతో దిగేవాడు.

ఆ ఏడు ఎదురింటి కోటేశ్వరరావు గారు కొత్త లారీ కొంటున్నారని తెలిసింది. మా నాన్న కాఫీ లారీలో తాగడం మానేసి అరుగు మీద తాగడం మొదలుపెట్టాడు. అమ్మ రెండు రోజులు చూసి, జ్వరమేమోనని నుదురు పట్టుకుని చూసింది.

సరిగ్గా అప్పుడే గుంటూరు నుంచి మా మేనమామ సాంబయ్య దిగాడు, బస్సు మీద రెండు పెద్ద లారీ చక్రాలతో. సాంబయ్య మామయ్యకి సొంతంగా సైకిలు కూడా లేదు. అందువల్ల వాహనాల గురించి ఆయన అభిప్రాయాలకి అనుభవపు మైల అంటలేదు. ఎక్కడో ఆక్సిడెంటయిన కొత్త రకం లారీ చక్రాలట, టైర్లు ఇంకా నలగలేదట, చేతికి వస్తే వదలకుండా పట్టుకొచ్చాడట. "మీ బండి సైజు టైర్లు ఇక మీద దొరకవు బావా. ముందు రెండిటికి ఇవి తొడుగు. ఎదురొచ్చేవాడు లారీ పేరు అడుగుతాడు" అన్నాడు. ఎదురొచ్చేవాడు అడగడం అన్న మాట మా నాన్నకి బాగా పట్టింది. ముందు నుంచి చూస్తే కొత్త లారీ, వెనక నుంచి చూస్తే పాతది. మా నాన్న ఎప్పుడూ లారీని ముందు నుంచే చూసేవాడు.

ఏసుదాసుకి కబురు వెళ్లింది. మా ఊరి పేట చివర, రోడ్డు పక్కన, ఏసుదాసుకి రేకుల షెడ్డు, అందులో ఇనుము చెక్కే లేతు మిషను ఒకటి ఉండేవి. గుంటూరులో పెద్ద వర్క్‌షాపులో పని నేర్చుకుని వచ్చి సొంతంగా పెట్టుకున్నాడు. చుట్టుపక్కల పది ఊళ్ల ఆయిలింజన్లు ఆయన చేతుల మీదే బతికేవి. ఇంజను బతికించినంతసేపూ అందరికీ దేవుడు, బతికించాక మళ్లీ వాకిట్లో నిలబడే మనిషి. మా ఇంటికొచ్చినా అరుగు ఎక్కేవాడు కాదు. మాట్లాడబోయే ముందు చేతులు శుభ్రంగానే ఉన్నా గుడ్డతో ఒకసారి తుడుచుకునేవాడు.

"ఒరే ఏసుదాసూ, వీటిని మన బండికి ఎక్కించాలిరా" అన్నాడు నాన్న.

ఏసుదాసు గొంతుక్కూర్చుని చక్రం కన్నాల మీద అరచెయ్యి తిప్పాడు. "చక్రం తగిలించే మన హబ్బుకి ఆరు బోల్టులండి. దీనికి పది కన్నాలు. కలవదండి."

"కలవదని నాకు తెలీదంట్రా? మధ్యలో ప్లేటు వేస్తే కలుస్తుందని మా బావమరిది అంటున్నాడు."

ఏసుదాసు చేతులు తుడుచుకున్నాడు. "వెయ్యొచ్చండి. కాకపోతే చక్రం రెండు మూడంగుళాలు బయటికి జరుగుద్ది. ఇప్పుడు హబ్బు మధ్యలో ఉబ్బుంది చూడండి, చక్రం దాని మీద బిగువుగా కూర్చుంటది, బరువు అది మోస్తది. ఏదో ఒక ప్లేటు వేశామనుకోండి, బరువంతా బోల్టుల మీదే పడుద్ది. మంచి ఉక్కు తేవాలి, హబ్బుకి అచ్చంగా సరిపోయేట్టు లేతు మీద గాడి తియ్యాలి. వేశాక కూడా మాటిమాటికీ నట్లు బిగించి చూసుకోవాలి. నాకు పది రోజులు ఇప్పించండి."

"పది రోజులా! కోటేశ్వరరావు లారీ గురువారం దిగుతుంటే!"

ఏసుదాసు తల వంచుకుని చక్రం వైపు చూస్తూ నిలబడ్డాడు. వంటింట్లోంచి అమ్మ, "అతను పది రోజులంటే పది రోజులు ఆగితే ఏం పోయింది?" అంది. మా ఇంట్లో వంటింటి మాటకి వాకిట్లో విలువ లేదు, అది గోంగూర గురించయితే తప్ప.

అప్పుడు మా నాన్న నా వైపు తిరిగాడు.

నేను అప్పుడు గుంటూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ మొదటి ఏడు చదువుతున్నాను. ఎండాకాలం సెలవలకి వచ్చాను. మా ఊరి నుంచి సైన్సు చదువుతున్న మొదటి ఆడపిల్లని. ఆ సంగతి ఊళ్లో ఎవరైనా మర్చిపోతారేమోనని నేనే ఎప్పటికప్పుడు గుర్తు చేస్తుండేదాన్ని. "అమ్మాయ్, నువ్వు చదివేది ఇదేగా. చెప్పు, చక్రం బయటికొస్తే ఏమవుతుంది?" అన్నాడు నాన్న. అరుగు మీద ఆరుగురు పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. జీవితంలో మొదటిసారి ఆరుగురు మగవాళ్లు నేను ఏం చెబుతానా అని నోరు మూసుకుని ఎదురుచూశారు. అలాంటప్పుడు తెలియదని చెప్పేంత వయసు నాకింకా రాలేదు.

సుద్దముక్క తెచ్చి లారీ తలుపు మీద బొమ్మ గీశాను. ఇది బరువు, ఇది నేల, ఇది గరిమనాభి. ఆధారం ఎంత వెడల్పయితే వస్తువు అంత తొందరగా పడిపోదు. "దీన్ని స్టెబిలిటీ అంటారు నాన్నా. వెడల్పయితే బండి ఇంకా నిలకడగా ఉంటుంది" అన్నాను. పుస్తకంలో ఉన్నదే చెప్పాను. అందులో ఒక్క అక్షరం తప్పు లేదు. అడిగినదానికి దాంతో ఏ సంబంధమూ లేదు, అంతే.

"విన్నావట్రా ఏసుదాసూ? స్టెబిలిటీ అంట!" అన్నాడు నాన్న. ఏసుదాసు నా బొమ్మ వంక ఒక్క క్షణం చూశాడు. "అమ్మాయి గారు బాగా గీశారండి" అని గుడ్డ భుజం మీద వేసుకుని వెళ్లిపోయాడు.

రవి జేబులోని ఫోన్ అంత నమ్మకంగా ఎలా చెప్పిందో నాకు తెలుసు. ఇప్పుడు అందరి జేబుల్లోనూ నాలాంటి పదహారేళ్ల పిల్ల ఒకతి సుద్దముక్క పట్టుకుని కూర్చుని ఉంది. అప్పుడు ఊరికి ఒకతే ఉండేది, అదీ సెలవల్లోనే.

సాంబయ్య మామయ్య గుంటూరు వెళ్లి, తెలిసిన షెడ్డులో ఒక్క రోజులో రెండు ప్లేట్లు కోయించుకొచ్చాడు. ఏ పాత ఇనుములోంచి కోశారో అడగలేదు. బుధవారం సాయంత్రానికి చక్రాలు ఎక్కాయి. అమ్మ పసుపు రాసింది, నాయనమ్మ కొబ్బరికాయ కొట్టింది, నిమ్మకాయలు చితికాయి. నాన్న లారీని ఊరి చుట్టూ మూడుసార్లు తిప్పాడు. స్టీరింగు బరువెక్కిందని నాకు కనిపిస్తూనే ఉంది, మలుపు తిప్పినప్పుడల్లా ఆయన పళ్లు బిగించేవాడు. దిగాక మాత్రం "వెన్నలా పోతోంది" అన్నాడు. ఆ రాత్రి అన్నం దగ్గర నాన్న నవ్వుతూ నాకు రెండోసారి నెయ్యి వేశాడు. ఆ నెయ్యి రుచి ఇప్పటికీ నాకు గుర్తుంది. అందుకే ఈ కథలో మా నాన్ననొక్కడినే వెక్కిరించి ఊరుకోలేను.

గురువారం ఎదురింటి కొత్త లారీ దిగింది. మా నాన్న పొద్దున్నే తన లారీలోనే కాఫీ తాగాడు.

రెండు వారాలు గడిచాయి. మిరపకోతలు ముమ్మరమయ్యాయి. పేట నుంచి ఇరవై మంది ఆడవాళ్లు మా చేలోకి కోతకి వచ్చేవాళ్లు. పొద్దున మా నాన్నే లారీలో తీసుకెళ్లి, పొద్దు వాలేలోపు దింపి వచ్చేవాడు. వాళ్లకి పెద్దదిక్కు మరియమ్మ. ఏసుదాసుకి పెద్దమ్మ వరస. అరవై దాటిన మనిషి, సాలుకి ముందు నిలబడితే పడుచుపిల్లలు కూడా ఆమెని అందుకోలేకపోయేవాళ్లు. లారీలో అందరూ బస్తాల మీద కూర్చుంటే, మరియమ్మ క్యాబిన్ వెనకున్న అడ్డకొయ్య పట్టుకుని నిలబడి పాట ఎత్తేది, మిగతావాళ్లు అందుకునేవాళ్లు. చర్చిలో పాడే పాటలే, మిరపచేను వేగంతో.

ఆ రోజు మధ్యాహ్నం మూడు గంటలప్పుడు కోత ముగించుకుని వస్తున్నాం. నేను నాన్న పక్కన ముందు కూర్చున్నాను. వెనక పాట మధ్యలో ఆగిపోయింది. మరియమ్మ క్యాబిన్ పైన చేత్తో బాదింది.

"రాఘవయ్య గారూ! ముందు చక్రంలో ఏదో టకటకమంటంది. బండాపండి!"

"కొత్త చక్రంలే మరియమ్మా, అట్లాగే ఉంటది!" అని నాన్న కిటికీలోంచి అరిచాడు. తర్వాత నా వైపు చూశాడు. ఇప్పుడు నన్ను అడుగుతున్నాడని నాకు అర్థమైంది. నేను అవునన్నట్టు తలూపాను.

తర్వాతది చాలా తక్కువసేపట్లో జరిగింది. ఒక పెద్ద చప్పుడు. లారీ ఎడమవైపుకి మోకాలు విరిగినట్టు కూలబడింది. నా కళ్ల ముందే మా చక్రం మమ్మల్ని దాటుకుని రోడ్డు మీద దొర్లుకుంటూ వెళ్లిపోయింది. ఆ క్షణంలో కూడా, అబ్బ, ఎంత నిటారుగా పోతోంది అనుకున్నాను. అది నిలకడగానే ఉంది, పడిపోయింది మేము. లారీ రోడ్డుని గీరుకుంటూ వెళ్లి పక్క కాలవ గట్టుకి ఆనుకుని ఆగింది. చక్రం మాత్రం ఆగలేదు. మలుపు దగ్గర రోడ్డు వదిలి, కోటేశ్వరరావు గారి కల్లంలోకి దూరి, ఎర్రగా ఆరబోసిన మిరపకాయల మధ్యలోంచి నాగలి చాలులా దారి చేసుకుంటూ వెళ్లి, అవతల గడ్డివామికి ఆనుకుని పడింది. ఎర్రదుమ్ము లేచి రోడ్డంతా కమ్ముకుంది. అందరం దగ్గుతున్నాం, తుమ్ముతున్నాం. ఎవరు దెబ్బ తగిలి ఏడుస్తున్నారో, ఎవరు ఘాటుకి ఏడుస్తున్నారో తెలియలేదు.

మరియమ్మ నిలబడి ఉండటంతో కొయ్య మీంచి విసురుగా కింద పడింది. కుడి చెయ్యి మోచేతి కింద వంగకూడని చోట వంగి ఉంది. మిగతావాళ్లకి గీతలూ బొప్పులూ తప్ప ఏమీ కాలేదు. నాన్న పరుగెత్తుకొచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు. మరియమ్మ పళ్లు బిగబట్టి అడిగిన మొదటి మాట, "ఆ చక్రం ఎవురికన్నా తగిలిందా?"

"లేదు మరియమ్మా. ఎవరికీ తగల్లేదు."

"అయితే సరే" అని అప్పుడు ఏడవడం మొదలుపెట్టింది.

ఆమెని చీరాల ఆసుపత్రికి తీసుకెళ్లింది కోటేశ్వరరావు గారి కొత్త లారీలో. తన కల్లం సంగతి ఆయన ఆ రోజు ఎత్తలేదు. మర్నాడు కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే మా నాన్న ప్రాణం కాస్త తేలిక పడేది. ఎదురింటివాడు మంచివాడని తేలడం ఆయన తట్టుకోలేకపోయాడు.

మర్నాడు పొద్దున ఏసుదాసు జాకీలు తీసుకుని లారీ దగ్గరికి వచ్చాడు. నాన్న దూరంగా గట్టు మీద కూర్చుని ఉన్నాడు. నేను ఏసుదాసు దగ్గర నిలబడ్డాను. ఆయన తెగిన బోల్టు ముక్కల్ని తీసి, గుడ్డతో తుడిచి, ఒక్కొక్కటే నా చేతిలో పెట్టాడు.

"ఇది చూడమ్మా, తెగినచోట తుప్పు పట్టింది. అంటే ఇది ఎప్పుడో వారం కిందటే తెగింది. ఈ మూడూ అంతే. ఇదిగో, ఈ రెండూ మిలమిలా మెరుస్తున్నాయి చూడు. ఇవి నిన్న తెగాయి. ఈ వారమంతా బండి ఈ రెండింటి మీదే నడిచిందన్నమాట."

"నేనే చెప్పానండి, ఏం కాదని" అన్నాను.

"నువ్వు చెప్పింది తప్పు కాదులేమ్మా. వెడల్పయితే నిలకడే. కాకపోతే చక్రం ఉండాలి కదా." చేతులు తుడుచుకున్నాడు. "నేను మాత్రం ఏం చేశాను? ఒక్కసారి చెప్పి ఊరుకున్నాను. రెండోసారి చెబితే మీ నాన్నగారికి కోపం వస్తుందనిపించింది. ఇరవైమంది మావాళ్లు ఎక్కే బండి అని తెలుసు. తెలిసి కూడా గుడ్డ భుజాన వేసుకుని వచ్చేశాను."

మా నాన్న గట్టు మీంచి వింటున్నాడని ఆయనకి తెలుసో తెలియదో నేను చెప్పలేను.

పాత చక్రాలే మళ్లీ ఎక్కాయి. వారంలో లారీ లేచి నిలబడింది. ఎక్కేవాళ్లే లేరు. ఆడవాళ్లు కోతకి రామనలేదు, లారీ ఎక్కం అన్నారు. పేట నుంచి మా చేనుకి రెండు మైళ్లు. ఇరవై మంది నడిచి వెళ్తుంటే వాళ్ల వెనకాలే మా నాన్న ఖాళీ లారీని మొదటి గేరులో నడిపిస్తూ, "ఎక్కండమ్మా, పాత చక్రాలే వేయించాను, ఎక్కండి" అని బతిమాలేవాడు. ఊరంతా అరుగుల మీదికొచ్చి చూసేది. ఎదురొచ్చినవాళ్లు నిజంగానే ఆగి అడిగారు, లారీకి ఏమైందని. ఎండ ఎక్కాక చేరి, ఎండ తగ్గకముందే తిరిగి నడవాలి కాబట్టి కోత సగం సాగేది. పండిన కాయలు చెట్టుకే వాడిపోతున్నాయి.

చేతికి కట్టుతో ఉన్న మరియమ్మని చూడటానికి నాన్న పేటకి వెళ్లాడు. వెంట నేనూ వెళ్లాను. అమ్మ పంపిన పాలూ గుడ్లూ అక్కడ పెట్టి, నాన్న తువ్వాలు నలుపుతూ నిలబడ్డాడు. చివరికి, "వాళ్లకి నువ్వు చెబితే ఎక్కుతారు మరియమ్మా" అన్నాడు.

"నేను నిన్ను ఆపమన్నానయ్యా, నువ్వు ఆపలా. ఇప్పుడు నేను ఎక్కమంటే వాళ్లెందుకు ఎక్కుతారు?" అంది మరియమ్మ. ఆమె నోట మా నాన్న మీద "నువ్వు" అన్న మాట వినడం నాకదే మొదటిసారి. "ఏసుదాసుని ముందు సీట్లో కూర్చోబెట్టు. వాడు ఆపమంటే ఆపు. అప్పుడు ఎక్కుతాం."

ముందు సీటు అంటే మా నాన్న పక్కన. ఆ సీట్లో మా బంధువులూ పెద్దమనుషులూ నేనూ తప్ప ఎవరూ కూర్చున్నది లేదు. పేటవాళ్లు వెనకే ఎక్కేవాళ్లు, అలా ఎక్కాలని ఎవరూ ఎప్పుడూ చెప్పకుండానే. నాన్న ఇంటికొచ్చి రెండు రోజులు అరుగు మీదే కాఫీ తాగాడు. అరుగు మీది పెద్దమనుషులు తలా ఒక సలహా ఇచ్చారు. వేరే ఊరి కూలీల్ని తెప్పించమన్నాడొకాయన. సాంబయ్య మామయ్య గుంటూరు నుంచి ఉత్తరం రాశాడు, అందులో ట్రాక్టరు కొనమన్నాడు.

మూడో రోజు నాన్న లేతు షెడ్డుకి వెళ్లాడు. "ఏసుదాసూ, రేపు పొద్దున బండికి రావాలి. నా పక్కన కూర్చోవాలి" అన్నాడు. ముందు ఉండే "ఒరే" లేదు. ఏసుదాసు కూడా ఆ తేడా గమనించినట్టున్నాడు, మిషను ఆపేశాడు. మా నాన్న తన బతుకు మొత్తంలో చేసిన సంస్కరణ ఆ రెండక్షరాలు మింగడమే. చివర "గారు" చేర్చడం ఆయన వల్ల కాలేదు. చచ్చేదాకా కాలేదు.

మర్నాడు ఏసుదాసు ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి, సీటు అంచు మీద, తలుపుకి అతుక్కుని కూర్చున్నాడు. నేను వెనక ఆడవాళ్లతో ఎక్కాను. మరియమ్మ కూడా వచ్చింది, కోయలేకపోయినా సాళ్లు చూస్తానని. నా పక్కనే కూర్చుని కట్టు ఉన్న చెయ్యి నా ఒళ్లో ఆనించుకుంది. ఎవరూ పాట ఎత్తలేదు.

మైలు దూరం వెళ్లాక లారీ ఆగింది. ఏసుదాసు దిగి స్పానరుతో నట్లన్నీ చూసి మళ్లీ ఎక్కాడు. ఇంకో అరమైలు వెళ్లామో లేదో లోపల్నుంచి మాటలు వినపడ్డాయి.

"ఆపండి."

"ఇప్పుడేగా చూశావు?"

"చూశానండి. ఇంకోసారి చూడాలి. ఆపండి." ఈసారి ఆ గొంతు వెనక కూర్చున్న మా అందరికీ వినపడేంత గట్టిగా ఉంది.

లారీ ఇంకా కాస్త దూరం పోయింది. తర్వాత మెల్లగా రోడ్డు పక్కకి జరిగి ఆగింది. తలుపులు రెండూ తెరుచుకున్నాయి. మా నాన్న తువ్వాలు నడుముకి బిగించి, చక్రం పక్కన మట్టిలో మోకాళ్ల మీద కూర్చుని, "ఏదీ, స్పానరు ఇలా ఇవ్వు. ఎటు తిప్పాలో చెప్పు" అన్నాడు.